ధర్మయాత్రలో విరామదినము: హీబరు బిషప్పు తంజావూరి సందర్శనము

మతప్రచారమునకై దేశాంతరములకు బోయినవారి చరిత్రలను వ్రాయువారు సాధారణముగా రెండు విషయములను మాత్రమే లెక్కపెట్టుదురు. ఎన్ని యుపన్యాసములు జరిగెను, ఎందరు మతము పుచ్చుకొనిరి అనునవి యా రెండును. ప్రచారకుడు ప్రసంగింపక యూరకున్న దినములు ఆ లెక్కలోనికి రావు. ఎండకు డస్సి గుడారమున విశ్రమించిన దినము, ఊరిలోని కోటను జూడబోయిన దినము, ఒక పెద్దమనుష్యుని యింట కూర్చుండి మాటలాడిన దినము, ఇవి యుత్తరములలో నాలుగు పంక్తులుగా మిగిలి చరిత్రకారుని కంటబడకయే పోవును. కాని బోధించునపుడు మనుష్యుడు తన వెంట దెచ్చుకొన్న దానినే చెప్పును. చూచునపుడు ఎదుటనున్న దానిని గ్రహించును. కావున నొకడు పరదేశములో నేమి నేర్చెనో తెలిసికొనగోరువారు అతని విరామదినములనే ముందుగా వెదకవలెను. అట్టి విరామ మొకటి 1826వ సంవత్సరము మార్చి నెల కడపటి దినములలో తంజావూరి కోటలో గడచెను. దానిని గూర్చి చదువరులతో కొంత ముచ్చటింప నుద్దేశించుచున్నాను.

ఆ యాత్రికుడు కలకత్తా బిషప్పు రెజినాల్డు హీబరు. ఇంగ్లండునందు చెషైరు మండలమున మాల్పస్ గ్రామములో 1783 ఏప్రిల్ 21వ తేదీన జన్మించెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో చదువుచుండగనే 1803లో పాలస్తీనాను గూర్చి వ్రాసిన కావ్యమునకు బహుమానము నొంది, కవియని పేరు గాంచెను. రష్యా దేశమును క్రిమియాను సంచరించి వచ్చి, హాడ్నెట్ అను పల్లెలో మతాచార్యుడుగా పదునైదేండ్లకు పైగా కాలము గడపెను. 1823లో కలకత్తాకు బిషప్పుగా నియమింపబడి ఆ సంవత్సరమే అక్టోబరులో మన దేశమునకు వచ్చెను. నాటి కలకత్తా గురుపీఠపు సరిహద్దులు నేటివారికి నమ్మశక్యము గానంత పెద్దవి. ఇంగ్లీషువారి యేలుబడిలోనున్న హిందూదేశమంతయు, సింహళద్వీపమును, ఆస్ట్రేలియాయు ఆ యొక్క బిషప్పు విచారణ క్రిందనే యుండెను.

ఇండియాను జూడకమునుపే హీబరు ఇండియాను గూర్చి తీర్పు చెప్పియుండెను. 1819లో రెక్స్‌హాం పట్టణమున తన మామగారి యింట నున్నప్పుడు, విదేశ మతప్రచారమునకై చందా వసూలుచేయు నారాధనమునకు పాట యొకటి కావలసివచ్చెను. ఆయన కొలది నిమిషములలో దానిని వ్రాసి యిచ్చెను. గ్రీన్లాండు మంచుకొండలతో నారంభమగు నా కీర్తన ఇంగ్లీషు తెలిసిన క్రైస్తవలోకమంతట వ్యాపించెను. సింహళద్వీపమున గాలి సుగంధము, కనుచూపుమేర సర్వమును మనోహరము, మానవుడొక్కడే నీచుడు అని దాని భావము. అన్యమతస్థుడు గుడ్డితనముచేత కొయ్యకును రాతికిని మ్రొక్కుచున్నాడని దాని ముగింపు తీర్పు. దానిని వ్రాసిన దినమున ఆయన సింహళమునుగాని హిందూదేశమునుగాని చూచినవాడు కాడు. సత్యమునకును అసత్యమునకును నడుమ దూరము నాలుగంగుళములే, కంటికిని చెవికిని ఎంత యెడమో అంతయే యని మన పెద్దలు చెప్పుదురు. హీబరు విషయములో ఆ నాలుగంగుళములు దాటుటకు ఏడేండ్లు పట్టెను.

1824 జూన్ నెలలో ఆయన కలకత్తానుండి పడవమీద బయలుదేరి గంగానది వెంట ఎదురు ప్రయాణము సాగించెను. తోడుగా వచ్చిన మిత్రుడు స్టో అను మతాచార్యుడు ఢాకాలోనే మృతినొందెను. హీబరు ప్రయాణము మానలేదు. కాశిని, లక్నోను, హిమాలయపాదమునందలి ఆల్మోడాను జూచి, ఆ యేటి డిసెంబరు కడపట ఢిల్లీలో పేరునకు మాత్రమే పాదుషాయైన రెండవ అక్బరును దర్శించెను. ఆగ్రాలో తాజమహలును జూచి, దానిని గూర్చి తాను విన్న స్తోత్రములకంటె అది తక్కువగా లేదని వ్రాసికొనెను. పఠానుల కట్టడములను గూర్చి, వానిని తలపెట్టుటయందు రాక్షసులవంటివారును తుదిపని చేయుటయందు కంసాలులవంటివారును అని నేటికిని పలువురు చెప్పుకొనుమాట మొదట ఆయన కలమునుండియే వెలువడెను. 1825 మార్చి 26వ తేదీన గుజరాతులోని నడియాదునందు స్వామినారాయణ మతస్థాపకుడగు సహజానందస్వామిని కలిసికొనెను. ఇరువురు మతాచార్యులును ఇరువైపుల ఆయుధపాణులైన పరివారముతో వచ్చి ఎదురుపడిన ఆ చిత్రము ఆయనకే వింతగా తోచి, దానిని దాచక వ్రాసెను. తన్ను దానే చూచి నవ్వుకొనగల యీ గుణము మతప్రచారకులలోనేగాదు, సంస్కర్తలలో సయితము అరుదు.

ఆ గుణమే ఆయన కన్నులు తెరచెను. హిందువులు కేవలము దుష్టులు, నీతిమాలినవారు అని కొందరు తెల్లవారు వ్రాసిన వ్రాతలతో తాను ఏకీభవింపజాలనని ఆయన యుత్తరములలో స్పష్టముగా జెప్పెను. వారు కష్టపడి పనిచేయువారనియు, తల్లిదండ్రులయెడ భక్తియు బిడ్డలయెడ వాత్సల్యమును గలవారనియు, దయతో నడుపువారికి త్వరగా వశులగుదురనియు వ్రాసెను. అయినను మన మతమును గూర్చిన ఆయన యభిప్రాయము మారినదని చెప్పరాదు. మన దురాచారములను ఆయన కఠినముగానే ఖండించెను. అప్పటికింకను సహగమనము శాసనముచేత నిషేధింపబడలేదు. ఆ శాసనము 1829 డిసెంబరులో వచ్చెను. కావున ఆ ఖండనలో సత్యము లేకపోలేదు. మారినది మతమును గూర్చిన తీర్పు కాదు, మనుష్యుని గూర్చిన తీర్పు.

1826 జనవరి కడపట ఆయన దక్షిణదేశ యాత్రకు బయలుదేరెను. ఫిబ్రవరిలో చెన్నపట్టణము చేరి, నాటి గవర్నరగు సర్ తామస్ మన్రోను కలిసికొని, మార్చి నడుమ కాలిబాటను దక్షిణముగా సాగెను. ఎండలు ముదురుచున్న కాలము. వెంట వచ్చినవారిలో ముఖ్యుడు తామస్ రాబిన్‌సన్. ఈతడు పారసీకభాషలో పండితుడు. సింహళమునుండి వచ్చిన తమిళ మతాచార్యుడు క్రిస్టియన్ డేవిడ్ అనునతడును వారితో గూడెను. మార్చి 25వ తేదీన తంజావూరు చేరిరి. మరునాడు ఈస్టరు పండుగ. కోటలోని దేవాలయమున హీబరు ప్రసంగించెను; సాయంకాలము తమిళమున జరిగిన యారాధనమున తానుకూడ ఆశీర్వచనమును తమిళముననే పలికెను. పిమ్మట నిర్ధారణ సంస్కారము జరిగెను. ఈ పనులకును తిరుచిరాపల్లి ప్రయాణమునకును నడుమ కొంత తీరిక చిక్కెను. ఆ తీరికలో ఆయన తంజావూరి రాజగు రెండవ శరభోజిని దర్శింపబోయెను. మొదట కొలువులో మర్యాదాపూర్వకమైన దర్శనము, పిమ్మట రాజు తన పుస్తకశాలలో అతిథులను చేర్చుకొని జరపిన యాంతరంగిక దర్శనము, రెండును జరిగినవి. మన కథకు ముఖ్యమైనది ఆ రెండవది.

ఆ రాజెవరో చెప్పకున్న ఆ దర్శనము యొక్క విలువ తెలియదు. 1750లో తరంగంబాడి రేవున దిగిన ష్వార్జ్ అను జర్మను మతాచార్యుడు దాదాపు ఏబది యేండ్లు తమిళదేశమున నుండి, తమిళము, మహారాష్ట్రము, పారసీకము, హిందూస్థానీ మున్నగు భాషలను నేర్చి, రాజులకును రైతులకును నమ్మదగినవాడుగా బ్రదికెను. ఈ తరంగంబాడి మిషనుతో ఆంధ్రులకును సంబంధము కలదు. అందలివాడైన షుల్ట్జ్ తెలుగు నేర్చి, జర్మనీలోని హాలె పట్టణమున 1746, 1747 సంవత్సరములలో తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. తెలుగు అచ్చుపుస్తకములలో మొదటివి యవియే. 1779లో ఇంగ్లీషువారు హైదరాలీ యొద్దకు రాయబారిగా పంపినది ష్వార్జునే. తంజావూరి రాజు తుళజాజీ 1787లో మరణించుటకుముందు శరభోజియను బాలుని దత్తత చేసికొని, ష్వార్జు సంరక్షణమున నుంచెను. కాని సింహాసనము తుళజాజీ సవతి తమ్ముడగు అమరసింగునకు దక్కెను. బాలునకు కోటలో చదువు సాగక, క్షేమము లేకపోగా, 1793లో ష్వార్జు అతనిని చెన్నపట్టణమునకు చేర్చి చదివించెను. ఆచార్యుడు 1798 ఫిబ్రవరి 13వ తేదీన గతించెను. ఆ సంవత్సరమే శిష్యుడు రాజయ్యెను.

ఇచ్చట నొక విషయమును గమనింపవలెను. అంతటి సాధుపురుషునిచేత పెంపబడియు శరభోజి క్రైస్తవుడు కాలేదు. తన కులదైవములను, తన సత్రములను, తన కాశీయాత్రను విడువలేదు. అయినను గురువునెడ కృతజ్ఞతను విడువలేదు. లండనులో ఫ్లాక్స్‌మన్ అను ప్రసిద్ధశిల్పిచేత పాలరాతిఫలకము చెక్కించి తెప్పించి కోటలోని క్రైస్తవ దేవాలయమున నిలిపెను. అందు మరణశయ్యపై ష్వార్జు పరుండగా రాజు ప్రక్కన నిలిచి చేయి పట్టుకొని యుండును. సమాధిమీది ఇంగ్లీషు పద్యములను రాజు తానే రచించెను. దరిద్రులగు క్రైస్తవ బాలురకు సయితము అన్నవస్త్రములును చదువును కల్పించెను. మతము మార్చుటయే విద్యకు ఫలమనుకొనువారికి ష్వార్జు ఈ శిష్యునియందు ఓడెను. మనుష్యుని తీర్చుట విద్యకు ఫలమనుకొనువారికి ఆయన గెలిచెను.

ఇక పుస్తకశాలలోనికి బోదము. రాబిన్‌సన్ ప్రకటించిన గ్రంథమువలన ఆ దినమున వారు చూచినవి మనకు దెలియుచున్నవి. స్తంభముల వరుసలతో నొప్పు విశాలమైన గది. ఒక ప్రక్క మహారాష్ట్ర రాజుల చిత్రపటములు. పది బీరువాలలో ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, గ్రీకు, లాటిను గ్రంథములు. మరి రెండింట మహారాష్ట్ర సంస్కృత తాళపత్ర లిఖితగ్రంథములు. ప్రక్కగదిలో వాయువును తోడివేయు యంత్రము, విద్యుత్తును పుట్టించు యంత్రము, ఖగోళపరిశోధన సాధనములు, వైద్యగ్రంథముల బీరువాలు. రాజు తాను కూర్చిన నాణెములను, పువ్వుల చిత్తరువులను, ఎండబెట్టి కాగితములకు అంటించిన మొక్కలను జూపి, ఒక్కొక్క మొక్క యే రోగమునకు పనికివచ్చునో వివరించెను. రసాయన శాస్త్రజ్ఞులగు లవాయిజే, ఫూర్‌క్రోవా, ప్రకృతిశాస్త్రజ్ఞులగు లినేయస్, బుఫాను, వీరి మాటలు ఆయన నాలుక చివరనే యుండెను. షేక్స్పియరు కవిత్వమును గూర్చి ఆయన చెప్పిన యభిప్రాయము లార్డు బైరను చెప్పినదానికంటె సరియైనదని హీబరు, తాను కవియయ్యు, మిత్రునకు వ్రాసెను. గుఱ్ఱముల లక్షణములు తెలిసినవాడనియు, పులివేటలో గురి తప్పనివాడనియు ఇంగ్లీషు సైనికోద్యోగులు ఆయనను గౌరవించుచుండిరనియు అందే చేర్చెను.

ఆ వస్తువులలో నొకటి మన యాలోచనకు దగియున్నది. అది దంతముతో జేసిన మానవుని అస్థిపంజరము. శవమును ఎముకను అంటుట మైలయని భావించు సమాజమున, దేహనిర్మాణమును తెలిసికొనగోరిన రాజు కనుగొన్న యుపాయ మది. శాస్త్రమును మానుకొనలేదు, ఆచారమును ఎదిరింపలేదు. ఏనుగుదంతమును నడుమ నిలిపెను. కలకత్తా వైద్యకళాశాలలో మధుసూదనగుప్తుడు 1836లో స్వహస్తముతో శవమును కోసినప్పుడుగాని ఆ తెర తొలగలేదు. శరభోజిని పిరికివాడని నవ్వుట సులభము. కాని దంతపు టస్థిపంజరమునైన తన గదిలో నిలుపుకొన్న రాజులు నాటి హిందూదేశమున నెందరుండిరి? నేత్రరోగులకు తన ధన్వంతరి మహలులో జరిగిన చికిత్సలను, రోగి పూర్వోత్తరములతోను కంటి బొమ్మలతోను వ్రాయించి భద్రపరచిన పత్రములు నేటికిని తంజావూరి సరస్వతీమహలులో నున్నవి. మైలకు జడిసినవాడు అంతపని చేయడు. సంఘముతో పోట్లాడక ఎంత ముందునకు బోవచ్చునో అంతయు బోయినవాడని చెప్పుట న్యాయము.

మరియొకటి అచ్చుయంత్రము. 1805లో రాజు నాగరలిపి యక్షరములతో అచ్చుకూటమును నెలకొల్పి, ఈసపు నీతికథలను మహారాష్ట్రభాషలో అచ్చు వేయించెను. హీబరు చూచుచుండగా అచ్చటి పనివారు ఆయన రాకకు గౌరవార్థముగా మహారాష్ట్రభాషలో వాక్యమొకటి అచ్చుదీసి యిచ్చిరి. ఆ పనివారు దేశీయ క్రైస్తవులు. తమిళదేశమున, హిందూరాజు నింట, క్రైస్తవుల చేతులతో, మహారాష్ట్రవాక్యము అచ్చుపడుచుండగా ఇంగ్లీషు బిషప్పు నిలిచి చూచుట! కొయ్యకును రాతికిని మ్రొక్కు గుడ్డివారని యేడేండ్ల క్రిందట వ్రాసినవాని యెదుట ఆ రెండును లేవు. కొయ్యచట్రములో బిగించిన సీసపు అక్షరములు నిలిచినవి. ఆయన మనస్సున ఆ క్షణమున నేమి తోచెనో ఎవరును వ్రాయలేదు. కాని రాజును గూర్చి ఆయన వ్రాసిన యుత్తరమునకును ఆ కీర్తనకును పొత్తు కుదరదు.

అయితే అతిథి కన్ను ఎంత మంచిదైనను దానికి కొన్ని వస్తువులు కనబడవు. వాని నిప్పుడు చెప్పవలెను.

మొదటిది రాజు యొక్క చేతులకున్న సంకెల. 1799 అక్టోబరు నాటి సంధిచే తంజావూరు దేశపు పరిపాలనమంతయు కుంఫిణీవారి వశమయ్యెను. రాజునకు కోటయు, పరిసరములును, ఏటేట లక్ష వరహాలును, ఆదాయమున నైదవపాలును మిగిలెను. వాయుయంత్రమును విద్యుద్యంత్రమును త్రిప్పుటకు తీరిక చిక్కినది రాజ్యము చేజారినందుననే. బిషప్పు ఆ తీరికను మెచ్చెను. ఆ తీరిక యెట్లు వచ్చినదో అడుగుట ఆయన యధికారములోనిది కాదు.

రెండవది తెలుగు. మహారాష్ట్ర సంస్కృత గ్రంథముల బీరువాలను అతిథులు లెక్కపెట్టిరి. ఆ కోటలోనే వందలకొలది తెలుగు తాళపత్రములు గలవని వారి వ్రాతవలన తెలియదు. నాయకరాజుల కాలమున, అనగా పదునేడవ శతాబ్దమున, తంజావూరు ఆంధ్రసరస్వతికి రాజధాని. రఘునాథనాయకుని కొలువున రామభద్రాంబ సంస్కృతమున రాజచరిత్రను కావ్యముగా రచించెను. విజయరాఘవుని కొలువున రంగాజమ్మ తెలుగున యక్షగానము రచించెను. మహారాష్ట్ర రాజైన శహాజీ తానే తెలుగు నాటకములను వ్రాసెను. శరభోజి కాలమునకును తంజావూరిసీమలో సంగీతమునకు భాష తెలుగే. కోటకు కొలది మైళ్ల దూరమున, కావేరి యొడ్డున తిరువయ్యారులో, ఏబదితొమ్మిదేండ్ల త్యాగరాజస్వామి ఆ వేసవిలో ఉంఛవృత్తితో బ్రదుకుచు శిష్యులకు పాట చెప్పుచుండెను. ఇంగ్లీషువారి కీర్తనలకు పేరొందిన కర్త యొకడు ఆ దారినే వచ్చి పోయెను. ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఇందుకు ఎవరిని నిందింపగలము? రాజమార్గమున వచ్చినవానికి రాజగృహమే కనబడును.

మూడవది అంతఃపురము. రాజకుమారుని తన వెంట కలకత్తాకు పంపినయెడల, దారిపొడుగున చదువు చెప్పుచు లోకము చూపి తీసికొనివత్తునని హీబరు రాజుతో ననెను. రాజునకు ఇష్టమే. కాని కుమారుని తల్లి యొప్పుకొనలేదు; ప్రస్తావము అంతటితో నాగెను. అతిథి ఆమెను జూడలేదు, ఆమె మాటను నేరుగా వినలేదు. అయినను ఆ యింట తుదిమాట ఆమెదే. బీరువాలనిండ ఐరోపా విజ్ఞానము నిండియున్నను, తల్లికి చదువు చేరనిచో కుమారుని గడప దాటింప నెవరివలనను గాదని యీ చిన్న సంగతి చెప్పుచున్నది. ఆమె భయమును మూఢత్వమని తోసివేయరాదు. పంపినయెడల ఆ బాలునకు తోడుండవలసినవాడు వారము దినములలో లేకుండబోయెను.

నాలుగవది అన్నిటికంటె క్లిష్టమైనది. ఆయన ఈస్టరునాడు ప్రసంగించిన తమిళ క్రైస్తవసంఘములో వెల్లాల క్రైస్తవులు ఒకవైపునను, అస్పృశ్యులని త్రోసివేయబడిన కులములనుండి వచ్చినవారు మరియొక వైపునను కూర్చుండుచుండిరి. దేవుని యెదుట అందరును సమానులని పుస్తకము చెప్పుచుండ, చాప మాత్రము వేరు. కొందరు యువమిషనరీలు దీనిని రూపుమాపవలెనని పట్టుపట్టిరి. హీబరు ఇరుపక్షముల మాటయు విని, ఇది ఐరోపాలోని అంతస్తుల భేదమువంటి లౌకికాచారమై యుండవచ్చునని తలచి, మెల్లగా నడువుడని సలహా యిచ్చెను. ఆయన తరువాత వచ్చిన డేనియల్ విల్సన్ బిషప్పు 1833లో కులభేదమును సంఘమునుండి వెంటనే తొలగింపవలెనని యాజ్ఞాపించెను. తంజావూరిలో పలువురు వెల్లాల క్రైస్తవులు సంఘమునైన విడిచిరిగాని కులమును విడువలేదు. రాజు నింట పరమతస్థునియందు సమానుని జూచిన చూపు, తన గుడిలో తనవారినడుమనున్న గోడను సరిగా కొలువలేకపోయెను. ఇది హీబరొక్కని దోషము కాదు. పరుల యింటి మంచియు తన యింటి చెడుగును ఒక్క కంటికే కనబడుట దుర్లభము.

మార్చి 31వ తేదీ సాయంకాలము ఆయన తంజావూరు విడిచెను. వెళ్లుటకుముందు రాజు క్షేమమునకై ప్రార్థన యొకటి కూర్చి, దానిని తమిళ దేవాలయములలో చదువుటకు ఏర్పాటు చేసెను. ఏప్రిల్ 1వ తేదీన తిరుచిరాపల్లి చేరి, 2వ తేదీ ఆదివారమున ప్రసంగించి, 3వ తేదీ ఉదయము తమిళ క్రైస్తవులకు నిర్ధారణ మిచ్చి బసకు వచ్చి, ఎండతాపము తీర్చుకొనుటకు స్నానపు కొలనులో దిగెను. మరల పైకి రాలేదు. అప్పటికి ఆయనకు నలువదిమూడేండ్లు నిండలేదు. ఆ యూరి సెయింట్ జాన్ దేవాలయమున ఆయనను సమాధి చేసిరి. ఆయన యాత్రాగ్రంథమును భార్య అమీలియా 1828లో ప్రకటించెను. శరభోజి 1832లో గతించెను. ఆయన కుమారుడు శివాజీ 1855లో మగసంతానము లేక మరణింపగా, కుంఫిణీవారు తంజావూరి రాజ్యమను పేరును గూడ తుడిచివేసిరి. పుస్తకశాల మాత్రము నిలిచి, 1918లో ప్రజలకు తెరువబడెను.

ఇప్పుడు కీర్తనకును ఉత్తరమునకును పట్టిన గతిని పోల్చిచూడుడు. చూడక వ్రాసిన కీర్తన దేశదేశములలో శతాబ్దమునకు మించి పాడబడెను. చూచి వ్రాసిన యుత్తరము గ్రంథములలో నణగి, చరిత్రాభిమానులకు మాత్రమే మిగిలెను. 1925లో మహాత్మాగాంధి కలకత్తాలో మిషనరీల సభయందు మాటలాడుచు, మానవుడొక్కడే నీచుడన్న ఆ కీర్తనను ఎత్తి చూపి, తన యనుభవము దానికి విరుద్ధమని మర్యాదగా బదులు చెప్పెను. ఆ బదులును హీబరు తానే తొంబదితొమ్మిదేండ్లకు ముందు, తంజావూరినుండి వచ్చిన దారిలో, వ్రాసియుంచెనని చెప్పదగును. ఆయన తిరిగి కలకత్తా చేరియుండినచో కీర్తనలోని ఆ చరణమును దిద్దెడివాడో లేదో మనకు పనిలేదు. దిద్దవలసిన ఆధారము ఆయన చేతిలో నుండెను. పాటకు కాళ్లు పొడవు. దిద్దుబాటుకు కాళ్లు పొట్టి.

ఈ కథలోని నీతి మిషనరీలకు మాత్రమే సంబంధించినదని మనము సంతోషింపరాదు. సంఘసంస్కరణము కోరువారమగు మనకును అట్టి కీర్తనలు కలవు. పల్లెటూరివారు మూఢులనియు, ముసలివారు మారరనియు, ఫలాని కులమువారి నడవడి యిట్టిదనియు, ఫలాని మతమువారి యిండ్లలో నిట్లు జరుగుననియు, గడప దాటి చూడకయే మనము పాడుచుందుము. వేదికనెక్కి ఖండించుటకు ముందు ఒక దినము వారి యింట కూర్చుండి, వారి బీరువాలో నేమున్నదో చూచినవారు ఎందరు? చూచినచో ఖండింపవలసినది ఖండింపకుండునట్లు కాదు. దేనిని ఖండింపవలెనో సరిగా తెలియును, ఖండించు కంఠమున ద్వేషము తగ్గును. సహగమనమును నిషేధింపవలసినదే, దంతపు టస్థిపంజరమును మెచ్చవలసినదే. ఈ రెండును ఒక్క మనస్సులో నిముడుట సంస్కర్తకు కావలసిన మొదటి యోగ్యత.

శరభోజివలన నేర్వవలసిన దింకొకటి కలదు. విద్య యంతయు ఒక్క గదిలో చేరి, దాని తాళపుచెవి ఒక్కని మొలలో నున్నంతకాలము, అది అతిథులకు చూపు వింతగానే యుండును. రాజు చూపగా బిషప్పు చూచెను. ఊరివారు చూచుటకు తొంబదిరెండేండ్లు పట్టెను. ఆ యింటనే రాజమాత కాగలిగిన స్త్రీకి ఆ గది తలుపు తెరువబడెనో లేదో చెప్పు వ్రాత లేదు. నేడు మన యిండ్లలో పుస్తకముల బీరువాలు కలవు, బడులు కలవు, గ్రంథాలయములు కలవు. వాని తలుపులు ఎవరివైపునకు తెరచుకొనుచున్నవో, ఎవరివైపునకు మూసికొనుచున్నవో, ఇంటివారొక సెలవుదినమున తీరికగా చూచుట మంచిది.